నదిలో ఆక్సిజన్ మోడల్‌కు పరామితుల అంచనా: కణాల గుంపు పద్ధతిని వాడే తీరు

ఊరి మురుగు నదిలో కలిసిన చోటు నుంచి దిగువకు నడిచే కొద్దీ నీటిలో కరిగిన ఆక్సిజన్ మొదట తగ్గుతూ పోయి, ఒక చోట బాగా అడుగుకు చేరి, అక్కడి నుంచి మెల్లగా కోలుకుంటుంది. ఈ వంపును లెక్కగట్టే సమీకరణాన్ని అమెరికాలోని ఒహాయో నదిపై జరిపిన అధ్యయనంలో స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో ఇచ్చారు. నూరేళ్లు గడిచినా నదీ జలాల నాణ్యత గురించి నేర్చుకునేవారు మొదట చేతపట్టేది ఆ సమీకరణాన్నే. అది చాలా చిన్నది. అందులో వేయవలసిన సంఖ్యలు మన నదికి ఎంతెంత అన్నది తెలియకపోవడంలోనే చిక్కంతా ఉంది. ఆ సంఖ్యలనే పరామితులు అంటాము. నది ఒడ్డున కొలిచిన ఆక్సిజన్ విలువల నుంచి వెనక్కు వెళ్లి ఆ పరామితులను రాబట్టడానికి, ప్రకృతిని చూసి రూపొందించిన ఆప్టిమైజేషన్ (అన్నిటికంటే బాగా సరిపోయే విలువలను వెతికే) పద్ధతుల్లో ఒకటైన పార్టికల్ స్వార్మ్ ఆప్టిమైజేషన్‌ను, అంటే కణాల గుంపు పద్ధతిని, ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తాను. పద్ధతి ఎంత సులభమో, అది ఇచ్చిన జవాబును పరీక్షించకుండా నమ్మితే ఎంత నష్టమో రెండూ ఒకే ఉదాహరణలో కనిపిస్తాయి కాబట్టి మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణను పట్టుకుని నడుస్తాను.

మోడల్‌లో ఏముంది

నీటిలో నిండుగా ఇమడగల ఆక్సిజన్‌కు, ఇప్పుడు ఉన్న ఆక్సిజన్‌కు మధ్య తేడాను లోటు అంటారు. మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 25 డిగ్రీల వద్ద 8.26, 30 డిగ్రీల వద్ద సుమారు 7.6. వేసవిలో నదికి ఉండే పెట్టుబడే తక్కువ అన్నమాట. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినే వేగం క్షయ రేటు, గాలి నుంచి నీటిలోకి ఆక్సిజన్ చేరే వేగం భర్తీ రేటు. రెండింటినీ రోజుకు ఇంత అని కొలుస్తారు. మురుగు కలిసిన చోట నీటికి ఉన్న మొత్తం ఆక్సిజన్ అవసరం తొలి బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్), అక్కడ అప్పటికే ఉన్న లోటు తొలి లోటు. సమీకరణాన్ని మాటల్లో ఇలా రాసుకోవచ్చు:

లోటు = గుణకం × (క్షయ పదం − భర్తీ పదం) + తొలి లోటు × భర్తీ పదం

ఇందులో గుణకం అంటే క్షయ రేటును తొలి బీఓడీతో హెచ్చించి, భర్తీ రేటులోంచి క్షయ రేటును తీసివేయగా వచ్చిన సంఖ్యతో భాగించినది. క్షయ పదం, భర్తీ పదం అంటే ఆయా రేట్ల ప్రకారం కాలంతో పాటు తరిగిపోయే ఘాతాంక పదాలు. తొలి లోటును నేరుగా కొలవవచ్చు కనుక దానిని తెలిసినదిగానే తీసుకుందాము. కనుక్కోవలసినవి మూడు: క్షయ రేటు, భర్తీ రేటు, తొలి బీఓడీ.

ప్రోగ్రామ్ రాసేవారు ఒక చోట ఆగాలి. వెతుకులాటలో రెండు రేట్లు సమానమైన క్షణాన భాజకం సున్నా అయి లెక్క విరిగిపోతుంది. రేట్ల మధ్య తేడా మరీ చిన్నదైనప్పుడు వేరే సూత్రానికి మారేలా ముందే షరతు పెట్టండి: ఆ రేటును కాలంతోనూ తొలి బీఓడీతోనూ హెచ్చించి, దానికి తొలి లోటును కలిపి, మొత్తాన్ని ఘాతాంక పదంతో హెచ్చించాలి.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు

ఆప్టిమైజేషన్ అంతా మీరు తెచ్చిన కొలతల మీదే నిలబడుతుంది. ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిని వాడేవారు నమూనాను సీసాలో బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటును, క్షార అయోడైడ్ ద్రావణాన్ని అక్కడే ఒడ్డున వేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి ఏర్పడి సీసా అడుగుకు దిగుతుంది, లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ల్యాబుకు వెళ్లాక వేద్దామని వాయిదా వేస్తే దారిలో సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. ఇంటికి చేరేది నది నీరు కాదు, సీసా నీరు. ప్రతి చోటా రెండు సీసాలు పట్టి, వాటి మధ్య వచ్చే తేడాను రాసి ఉంచుకోండి. ఆ తేడా తరువాత చాలా అవసరమవుతుంది.

సమయం విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పచ్చని నాచు ఉన్న నదిలో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పెరిగి, తెల్లవారుజామున అడుగుకు పడుతుంది. ఎగువ నమూనా ఉదయాన, దిగువ నమూనా మధ్యాహ్నం పడితే నది కోలుకున్నట్టు కనిపించేదంతా సూర్యుడి పుణ్యమే కావచ్చు. ఈ మోడల్‌లో సూర్యుడు లేడు కాబట్టి ఆ పెరుగుదలనంతా భర్తీ రేటు ఖాతాలో వేసుకుంటుంది. మోడల్‌లో లేని ప్రక్రియను ఉన్న పరామితి మింగేస్తుందన్న మాటను ఈ పని చేసినంత కాలం గుర్తుంచుకోవాలి.

ఇక ప్రయాణ కాలం. సమీకరణానికి కావలసింది దూరం కాదు, నీరు ఆ దూరం దాటడానికి పట్టిన రోజులు. కాలాన్ని 20 శాతం ఎక్కువగా అంచనా వేస్తే రేట్లు రెండూ అదే నిష్పత్తిలో తగ్గి, వంపు మాత్రం చెక్కు చెదరకుండా సరిపోతుంది. అంటే ఈ తప్పును ఏ ఆప్టిమైజేషన్ పద్ధతీ పట్టుకోలేదు. వీలైతే రంగునీటితో ప్రయాణ కాలాన్ని కొలవండి.

గుంపు ఎలా వెతుకుతుంది

సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జేమ్స్ కెనడీ, ఎలక్ట్రికల్ ఇంజినీర్ రసెల్ ఎబర్‌హార్ట్ 1995లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. జొన్నచేను మీదికి వచ్చే పిట్టల గుంపును తలచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. ప్రతి పిట్టకూ తాను ఇంతవరకు చూసిన వాటిలో గింజ ఎక్కువ ఉన్న చోటు గుర్తుంటుంది, గుంపులో ఎవరికి అన్నిటికంటే మంచి చోటు దొరికిందో కూడా తెలుస్తుంది, అయినా తాను ఎగురుతున్న ఊపు వెంటనే పోదు. ఈ మూడూ కలిసి దాని తరువాతి అడుగును నిర్ణయిస్తాయి. మన లెక్కలో ఒక్కో పిట్టను కణం అంటారు, అది మూడు పరామితుల ఒక్కో ఊహ. గింజ ఎక్కువ ఉన్న చోటు అంటే కొలతలకు, మోడల్‌కు మధ్య తేడా తక్కువ ఉన్న చోటు.

ఒక అడుగును చేత్తో వేసి చూద్దాము. ఒక కణం దగ్గర క్షయ రేటు 0.60 ఉంది, దాని ప్రస్తుత వేగం 0.10. అది స్వయంగా చూసిన ఉత్తమ విలువ 0.50, గుంపు మొత్తానికి దొరికిన ఉత్తమ విలువ 0.38. పాత వేగంలో ఎంత మిగలాలో చెప్పే ఊపు గుణకం 0.73, సొంత జ్ఞాపకం వైపు, గుంపు జ్ఞాపకం వైపు లాగే రెండు ఆకర్షణ గుణకాలు 1.496 చొప్పున తీసుకుందాము. ఈ విలువలు 2002లో క్లెర్, కెనడీ చేసిన గణిత విశ్లేషణ నుంచి వచ్చినవి. గుంపు చెదిరిపోకుండా క్రమంగా ఒక చోటికి చేరేలా చేస్తాయి. ఈ అడుగులో పడిన యాదృచ్ఛిక సంఖ్యలు 0.4, 0.7 అనుకుందాము. పాత ఊపు నుంచి 0.073 వస్తుంది. సొంత జ్ఞాపకం 0.060 మేరకు వెనక్కు లాగుతుంది, గుంపు జ్ఞాపకం 0.230 మేరకు వెనక్కు లాగుతుంది. కొత్త వేగం మైనస్ 0.217, కొత్త క్షయ రేటు 0.383. మిగిలిన రెండు పరామితులకూ ఇదే లెక్క, అయితే యాదృచ్ఛిక సంఖ్యలు ప్రతి పరామితికీ వేరువేరుగా తీయాలి. మూడింటికీ ఒకే సంఖ్య వాడడం తరచుగా జరిగే పొరపాటు. అలా చేస్తే గుంపు కొన్ని దిశల్లోనే కదులుతూ మిగిలిన చోట్లను చూడకుండా వదిలేస్తుంది.

ముప్పై కణాలు, ఒక్కో కణానికి రెండు వందల అడుగులు (ఆవృత్తాలు) అంటే మోడల్‌ను 6,000 సార్లు నడపాలి. ఈ చిన్న సమీకరణానికి అది క్షణాల పని. ఒక్కసారి నడవడానికి 30 సెకన్లు పట్టే పెద్ద మోడల్ అయితే అదే పనికి 50 గంటలు పడుతుంది కాబట్టి, పెద్ద మోడల్ వాడేవారు ముందు దాన్ని తేలిక చేసుకునే మార్గం చూడాలి.

హద్దులు, లక్ష్యం

ప్రతి పరామితికీ కనిష్ఠ, గరిష్ఠ హద్దులు ఇవ్వాలి. వీటిని అలవాటుగా పెట్టేయకూడదు, ఎందుకంటే నది గురించి మీకున్న జ్ఞానమంతా చేరవలసిన చోటు ఇదే. భర్తీ రేటుకు ఓ'కానర్, డాబిన్స్ ఇచ్చిన సూత్రం ఉంది: సెకనుకు మీటర్లలో ఉన్న ప్రవాహ వేగానికి వర్గమూలం తీసి, 3.93తో హెచ్చించి, మీటర్లలో ఉన్న లోతును ఒకటిన్నర ఘాతానికి పెంచి భాగించాలి. వేగం 0.4, లోతు 1.2 అయితే 20 డిగ్రీల వద్ద రోజుకు దాదాపు 1.9 వస్తుంది. ఇది ఖచ్చితమైన విలువేమీ కాదు, అయినా దానికి సగం నుంచి రెట్టింపు వరకు హద్దులు పెట్టుకోవడానికి మంచి ఆధారం. ఉష్ణోగ్రత మారితే రేట్లు మారుతాయి. క్షయ రేటును 20 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 1.047తో, భర్తీ రేటును 1.024తో హెచ్చిస్తారు.

కణం హద్దు దాటితే దానిని హద్దు దగ్గరే నిలిపి, ఆ దిశలో వేగాన్ని సున్నా చేయండి. చివరి జవాబు సరిగ్గా హద్దు మీద ఆగి ఉంటే దానిని జవాబుగా తీసుకోవద్దు. హద్దు తప్పయినా అయి ఉండాలి, మోడల్‌లో ఏదో ప్రక్రియ లోపించి అయినా ఉండాలి.

గుంపు తగ్గించవలసిన సంఖ్యను లక్ష్య ప్రమేయం అంటారు, దానిగా తేడాల వర్గాల మొత్తాన్ని తీసుకోవచ్చు. అయితే ప్రతి తేడానూ ఆ కొలత దోషంతో భాగించి వర్గం చేయడం మంచిది. జంట సీసాల మధ్య వచ్చిన తేడా ఇక్కడ పనికి వస్తుంది. లోటు నిండుదల విలువను దాటితే లెక్కలో ఆక్సిజన్ సున్నా కంటే తక్కువకు పోతుంది. దానిని సున్నా దగ్గర కత్తిరించి వదిలేస్తే ఆ ప్రాంతమంతా చదునైపోయి, కణాలకు ఎటు వెళ్లాలో తెలియకుండా పోతుంది. కత్తిరించకుండా అలాగే ఉంచండి, జవాబు అక్కడికి చేరితే మాత్రం ఈ మోడల్ ఆ నదికి చెల్లదని గ్రహించండి.

ముందు దొంగ నది మీద పరీక్ష

అసలు కొలతలు వేయక ముందు, జవాబు మనకు తెలిసిన కల్పిత కొలతలతో పద్ధతిని పరీక్షించాలి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, కానీ మొత్తం పనిలో ఎక్కువ నేర్పేది ఇదే.

నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, తొలి లోటు 1.5 అనుకుందాము. క్షయ రేటు 0.35, భర్తీ రేటు 0.80, తొలి బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు అని మనమే నిర్ణయించి సమీకరణం నడిపితే, ఆక్సిజన్ మొదట 6.76, ఒక రోజుకు 3.61, రెండు రోజులకు 3.37, మూడు రోజులకు 4.09, నాలుగు రోజులకు 5.00, ఐదు రోజులకు 5.81 వస్తాయి. రోజు 1.6 దగ్గర అది 3.28కి పడి, అక్కడి నుంచి లేస్తుంది. ఇప్పుడు ఈ సంఖ్యలను గుంపుకు ఇచ్చి, పరామితులను దాచిపెట్టి, వెతకమని అడగండి. హద్దులు విశాలంగా, రేట్లు రెండింటికీ 0.05 నుంచి 2 వరకు, బీఓడీకి 2 నుంచి 60 వరకు ఉంచండి. వేరువేరు యాదృచ్ఛిక ఆరంభాలతో ముప్పై సార్లు నడపండి.

కొన్ని పరుగులు 0.35, 0.80, 20 దగ్గర ఆగుతాయి. మరికొన్ని 0.80, 0.35, 7.91 దగ్గర ఆగుతాయి. రెండు చోట్లా తేడా దాదాపు సున్నాయే.

ఇందులో గుంపు తప్పేమీ లేదు. రెండు రేట్లనూ తారుమారు చేసి, బీఓడీని తగినట్టు సవరిస్తే సమీకరణం అక్షరాలా అదే వంపును ఇస్తుంది. ఒకటో రోజున మొదటి జవాబు లోటును 4.646 అంటుంది, రెండో జవాబు కూడా 4.646 అనే అంటుంది. ఎన్ని రోజుల ఆక్సిజన్ కొలతలు తెచ్చినా, అవి ఎంత ఖచ్చితమైనవైనా, ఆక్సిజన్ ఒక్కటే ఈ రెండు జవాబులను విడదీయలేదు. గుంపును ఒక్కసారే నడిపి ఆపినవారికి ఈ సంగతి ఎన్నడూ తెలియదు. తమకు దొరికినదే నిజమని, తేడా సున్నా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉంటారు.

ముప్పై పరుగుల సగటు తీస్తే ఇంకా ప్రమాదం. రెండు జవాబుల నడిమి బిందువు, అంటే రేట్లు రెండూ 0.575, బీఓడీ 13.95 తీసుకుంటే, రెండో రోజున ఆక్సిజన్ 3.37కు బదులు 2.70 వస్తుంది. రెండు సరైన వంపుల సగటు ఏ నదికీ చెందని వంపు అయింది. కాబట్టి పరుగుల ఫలితాలను సగటు చేయకుండా, ముందు వాటిని కాగితం మీద చుక్కలుగా పెట్టి ఎన్ని గుంపులుగా చేరాయో చూడండి.

విడదీసే మార్గం నదిలోనే ఉంది. మొదటి జవాబు నిజమైతే రెండో రోజు నీటిలో ఇంకా మిగిలిన మొత్తం బీఓడీ 9.9 ఉండాలి, రెండోది నిజమైతే 1.6 మాత్రమే ఉండాలి. అక్కడ పట్టిన ఒక్క బీఓడీ నమూనా వివాదాన్ని తేలుస్తుంది. అయితే ల్యాబు ఇచ్చేది మొత్తం బీఓడీ కాదు. మన దేశ ప్రమాణం ప్రకారం 27 డిగ్రీల వద్ద మూడు రోజుల బీఓడీని కొలుస్తారు, విదేశీ పుస్తకాల్లో 20 డిగ్రీల వద్ద ఐదు రోజులది ఉంటుంది. సీసాలోనూ నదిలోనూ క్షయం ఒకే తీరుగా సాగుతుందనుకుంటే, మొదటి జవాబుకు మూడు రోజుల బీఓడీ సుమారు 6.8, రెండోదానికి సుమారు 1.5 రావాలి. ఈ మార్పిడిని మరచి మూడు రోజుల విలువనే మొత్తం బీఓడీగా వేస్తే పరామితులన్నీ పక్కకు జరుగుతాయి. లోతు తక్కువ నదుల్లో అడుగు రాళ్లకు పట్టిన జీవపు పొర వల్ల క్షయం సీసాలో కంటే వేగంగా ఉండవచ్చన్నది కూడా మనసులో ఉంచుకుని, బీఓడీ కొలతలకు లక్ష్య ప్రమేయంలో కాస్త పెద్ద దోషాన్నే ఇవ్వండి.

ఈ మెట్టు దాటిన తరువాత కల్పిత కొలతలకు కొంత యాదృచ్ఛిక దోషాన్ని, ఉదాహరణకు 0.2 మిల్లీగ్రాముల మేర, కలిపి మళ్లీ ముప్పై పరుగులు నడపండి. అసలు పరామితులు ఎంత చెదురుతాయో అప్పుడు కనిపిస్తుంది. ఆ చెదురును మించిన ఖచ్చితత్వాన్ని అసలు నదిలో ఆశించకూడదు.

అసలు నది మీద

హైదరాబాదు దిగువన మూసీ లాంటి నదికి ఈ మోడల్‌ను నేరుగా వేయబోయేవారు రెండు విషయాలు చూసుకోవాలి. నదికి అడ్డంగా కత్వలు (చిన్న అడ్డకట్టలు) ఉన్న చోట నీరు దూకుతూ గాలిని కలుపుకుంటుంది, ఆ ఒక్క దూకుడులోనే లోటు హఠాత్తుగా తగ్గుతుంది. అటువంటి నదిని ఒకే పొడవుగా కాక, కత్వకూ కత్వకూ మధ్య ముక్కలుగా తీసుకుని, ప్రతి ముక్క ఆరంభంలో తొలి లోటును కొత్తగా కొలవాలి. లేకపోతే కత్వ చేసిన మేలంతా భర్తీ రేటులో కలిసి, ఉండవలసినదానికంటే చాలా పెద్ద విలువ వస్తుంది. రెండోది, మురుగు మరీ ఎక్కువై ఆక్సిజన్ సున్నాకు చేరిన పొడవులో ఈ సమీకరణం పనిచేయదు, ఎందుకంటే అక్కడ క్షయం వేగాన్ని బీఓడీ కాక ఆక్సిజన్ లభ్యతే నిర్ణయిస్తుంది. ఆ పొడవును విడిచిపెట్టి, ఆక్సిజన్ మళ్లీ కనిపించే చోటు నుంచి మొదలుపెట్టండి.

పరుగులు ముగిశాక ప్రతి పరామితినీ విడివిడిగా పరీక్షించాలి. భర్తీ రేటును 0.5, 0.6, 0.7 అంటూ ఒక్కో విలువ దగ్గర కట్టివేసి, మిగిలిన రెండింటిని గుంపుతో వెతికించి, ప్రతిసారీ వచ్చిన కనిష్ఠ తేడాను గీయండి. గీత లోతైన లోయలా ఉంటే ఆ పరామితి మీ కొలతలకు నిజంగా చిక్కింది. వెడల్పు పళ్లెంలా ఉంటే చిక్కలేదు. అటువంటప్పుడు ఒకే సంఖ్య ప్రకటించకుండా పళ్లెం వెడల్పునే జవాబుగా ఇవ్వాలి. తేడా కొలత దోషం కంటే బాగా తక్కువకు దిగిపోతే సంతోషించవద్దు. ఆరు కొలతలకు మూడు పరామితులు అన్నప్పుడు మోడల్ కొలతల్లోని దోషాన్ని కూడా కంఠస్థం చేయగలదు.

ఏ జంతువు పేరున్న పద్ధతి మంచిదని చాలామంది అడుగుతారు. చీమలు, మిణుగురులు, గబ్బిలాలు, తోడేళ్లు అంటూ పేర్లు పెరుగుతూనే ఉన్నాయి. అన్ని సమస్యలనూ కలిపి చూస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరొకదానికంటే సగటున మెరుగు కాదని వోల్పర్ట్, మెక్‌రెడీ 1997లో గణితంగా చూపారు. ఇటువంటి మూడు పరామితుల సమస్యకు పద్ధతి ఎంపిక మీద కాలం వెచ్చించడం అనవసరమని నా అభిప్రాయం. కణాల గుంపుతో ఒకసారి, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని సైపై లైబ్రరీలో సిద్ధంగా ఉండే డిఫరెన్షియల్ ఎవల్యూషన్ అనే మరో వెతుకులాట పద్ధతితో ఒకసారి నడపండి. రెండూ ఒకే చోటికి చేరితే వెతుకులాట సరిగ్గా జరిగిందన్న నమ్మకం కలుగుతుంది. ఆ మిగిలిన కాలాన్ని ఇంకో రెండు బీఓడీ నమూనాలు పట్టడానికి వాడండి.

ఇంత జాగ్రత్త ఎందుకో పై ఉదాహరణే చెబుతుంది. స్నానానికి తగిన నీటిలో ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అడుగు బిందువు 3.28 నుంచి 5కు లేవాలంటే, మురుగు కలిసే చోట బీఓడీ ఎంత తగ్గాలి? మొదటి జవాబు ప్రకారం 20 నుంచి 12.4కు, అంటే 38 శాతం తగ్గాలి. రెండో జవాబు ప్రకారం 7.9 నుంచి 4.6కు, అంటే 42 శాతం తగ్గాలి. శాతాలు దగ్గరగానే ఉన్నాయి. కానీ శుద్ధి కేంద్రాన్ని కట్టేది శాతాలతో కాదు, తొలగించవలసిన బరువుతో. ఆ బరువు ఒకచోట నదిలోని ప్రతి లీటరుకు 7.6 మిల్లీగ్రాములు, మరోచోట 3.3 మాత్రమే. నిజం మొదటిదై, రెండోదాన్ని నమ్మి కట్టిన కేంద్రం అవసరంలో సగం కూడా తీర్చదు. అందుకే నివేదికలో పరామితుల విలువలతో పాటు హద్దులు ఎక్కడ నుంచి వచ్చాయో, ఎన్ని పరుగులు నడిపారో, అవి ఎన్ని చోట్ల ఆగాయో, ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఆగితే ఏ కొలతతో వాటిని విడదీశారో కూడా రాయండి.